కొటియా ఎవరిదో కొటియాని అడిగారా?



"కొటియా గొడవ ఆంధ్రా, ఒడిశా ప్రభుత్వాలు చూసుకుంటాయి, పెదపారుపూడి యానాది పిల్లలకి దాంతో పనేంటి?" అని గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. పని ఉంది కాబట్టే ఇంత పొడుగు రాస్తున్నాం.

సాలూరు కొండల మీద, కోరాపుట్ అంచున 21 ఆదివాసీ ఊళ్లు అవి. 1936లో ఒరిస్సా, 1953లో ఆంధ్ర ఏర్పడ్డాయి గానీ ఆ ఊళ్లు ఎవరివో తేలలేదు. 1968లో ఒరిస్సా సుప్రీంకోర్టుకెళ్తే, ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు. 2006లో కేసు ముగిసింది, గొడవ ముగియలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం కేసు వేసింది. అదే ఏడాది నవంబర్ 9న జగన్, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కూర్చుని, రెండు రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులతో కమిటీ అన్నారు. అంటే ఇద్దరు ఐఏఎస్‌లు. ఆ ఊళ్ల మనిషి ఒక్కడికైనా అందులో కుర్చీ వేశారా?

ఇప్పుడు దేశాల సంగతి చూడండి. ఇండియా, బంగ్లాదేశ్ మధ్య 162 ముక్కలు ఉండేవి, మనవి అటు 111, వాళ్లవి ఇటు 51. ఇందిర, ముజీబ్ 1974లో సంతకాలు పెడితే అమలు 2015 జూలై 31 అర్ధరాత్రికి! 41 ఏళ్లు పట్టింది, రాజ్యాంగానికి వందో సవరణ కావాల్సి వచ్చింది. కానీ ఆ జూలైలో రెండు దేశాల ఉద్యోగులు కలిసి ఇల్లిల్లూ తిరిగి, మీరు ఏ దేశంలో ఉంటారని అడిగారు. అంతా బాగా జరిగిందని మేం అనడం లేదు. అటునుంచి వచ్చినవాళ్లు కూచ్‌బెహార్ రేకుల షెడ్లలో ఏళ్లు గడిపారు. అయినా అడిగారు కదా. రెండు వేరు వేరు దేశాలు చేసిన పని, ఒకే దేశంలోని రెండు రాష్ట్రాలు ఎందుకు చెయ్యవు?

"వాళ్లకేం, రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు" అని నవ్వేవాళ్లున్నారు. ఆ నవ్వు చూస్తే మాకు ఒళ్లు మండుద్ది. రెండు కార్డులు వాళ్లు దొంగిలించారా? ఊరు మాదంటే మాదని చూపించుకోడానికి రెండు ప్రభుత్వాలే ఇచ్చాయి. రేపు గీత గీశాక ఒకటి పోద్ది. ఏది పోవాలో చెప్పే హక్కు వాళ్లది కాదా?

భద్రాచలం డివిజన్ గుర్తుందా? 2014లో పోలవరం కోసం ఏడు మండలాల్ని ఆర్డినెన్స్‌తో తెలంగాణ నుంచి ఆంధ్రాకి మార్చారు. అది కూడా షెడ్యూల్డ్ ఏరియానే. ఏ గ్రామసభని అడిగి మార్చారు?

మన కృష్ణా జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియా లేదు, పీసా చట్టం లేదు. చెరువు గట్టు మీదో కాలువ పక్కనో గుడిసె వేసుకున్న మనవాళ్లకి చట్టం చేతిలో పెట్టిన గ్రామసభ లేదు. ఆ హక్కు రాసి ఉన్న చోటే అడక్కపోతే, రాసి లేని చోట మనల్ని ఎవరు అడుగుతారు తమ్ముడూ?

అందుకే మేం అనేది ఇదే. ఆ 21 ఊళ్లలోనూ గ్రామసభలు పెట్టాలి. తెలుగు, ఒడియాతో పాటు కువిలో కూడా ప్రశ్న చదవాలి. అక్కడ తేలిన మాట పార్లమెంటు ముందుకెళ్లాలి, ఎందుకంటే 3వ అధికరణం కింద రాష్ట్రాల హద్దు మార్చేది అదే. సాలూరు, పార్వతీపురం వైపు ఉన్న మిత్రులు మీ ఊళ్లో పెద్దలు ఏమంటున్నారో కింద రాయండి.