దాచిన సొమ్మునకు పూచీ యెవ్వరు?

బ్యాంకు మునిగినదను వదంతి పుట్టినప్పుడు గాని మనవారికి తమ సొమ్ము ఎవరి పూచీపై నున్నదను విచారము కలుగదు. ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వుట యనగా నిదియే.

1906 సంవత్సరము అక్టోబరు 22వ తేదీన మదరాసులో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసెను. అది దొరల సంస్థ. చిరకాలపు ప్రతిష్ఠ గలది. అందుచేతనే జనులు నమ్మిరి. వేలకొలది డిపాజిటుదారులు నష్టపడిరి. సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు కారాగారశిక్ష పడెను. శిక్ష న్యాయమే; కాని యందువలన సొమ్ము పోయిన విధవరాలి కడుపు నిండునా? మరుసటి సంవత్సరమే వి. కృష్ణస్వామి అయ్యరు ప్రభృతుల పూనికచే ఇండియన్ బ్యాంకు వెలసెను. 1923లో బందరున డాక్టరు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. ఇవి మెచ్చదగిన కార్యములు. అయినను స్వదేశి యను పేరు మాత్రమే రక్ష కాజాలదు. 1938లో ట్రావన్కూరు నేషనల్ అండ్ క్విలన్ బ్యాంకు, 1960లో పాలై సెంట్రల్ బ్యాంకు కూలిపోయినవి. అవియు మనవారివే కదా!

బ్యాంకు మన సొమ్మును పెట్టెలో నుంచి తాళము వేయదు, అప్పులిచ్చును. అందరును ఒక్కమారు పరుగెత్తినచో మంచి బ్యాంకైనను నిలువలేదు. ఈ భయమును మాన్పుటకే 1962 జనవరి 1 మొదలు డిపాజిట్లకు బీమా ఏర్పడెను. నాడు ఒక్కొక్కరికి 1,500 రూపాయలు. 2020 ఫిబ్రవరి 4 మొదలు అసలు, వడ్డీ కలిపి 5 లక్షలు. ప్రీమియమును బ్యాంకే చెల్లించును. అయితే ఒకే బ్యాంకున నాలుగు శాఖలలో తన పేర దాచినను లెక్క యొక్కటే. వేర్వేరు బ్యాంకులలో నుంచినచో దేని రక్ష దానిదే.

2019 సెప్టెంబరులో పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకుపై ఆంక్షలు పడినప్పుడు ఖాతాదారునకు తొలుత దొరకినది 1,000 రూపాయలు మాత్రమే. అక్కరకు రాని సొమ్ము లేనట్లే. 2021లో చట్టమును సవరించి, ఇట్టి ఆంక్షలు పడిన 90 దినములలో బీమా సొమ్ము ఈయవలెనని నిర్ణయించిరి. ఆ తొంబది దినములు గడచుటకైనను కొంత సొమ్ము వేరొక బ్యాంకున నుంచుకొనుట వివేకము. ఇంట దాచుకొందు మందురా? 2016 నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు రద్దయిన సంగతి మరచితిరా?

చీటీలకును, బ్యాంకులు కాని కంపెనీల డిపాజిట్లకును, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకును ఈ బీమా వర్తింపదు. పేదవాడు తన సొమ్మును తరచుగా నప్పగించునది ఇట్టి చోట్లనే! తపాలా కార్యాలయపు పొదుపునకు కేంద్రప్రభుత్వము పూచీ. హెచ్చు వడ్డీ యిత్తుమనువారు హెచ్చు ప్రమాదమును గూడ మన నెత్తిన పెట్టుచున్నారని గ్రహింపవలెను.

డిపాజిటు పుచ్చుకొను ప్రతిచోటను, బీమా కలదో లేదో, కలదేని ఎంతవరకో, తెలుగున గోడపై వ్రాసిపెట్టునట్లు ప్రభుత్వము శాసింపవలెను. అంతవరకు పఠనమందిరములకు వచ్చు చదువరులే ఇరుగుపొరుగు వారికి ఈ సంగతి చెప్పవలసియున్నది. చెమటోడ్చి కూడబెట్టినవాడు "దీనికి పూచీ యెవ్వరు?" అని అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు. జవాబు చెప్పలేనివాని చేతికి సొమ్మీయకుండుటయే మొదటి రక్షణ.