శుక్రుని నెలవంక



శుక్రమూఢమి వచ్చినదనగానే మన యిండ్లలో పెండ్లిమాటలు నిలిచిపోవును. అది యొకప్పుడు రెండు మాసములకు పైబడి యుండుననియు, మఱియొకప్పుడు కొలది దినములలోనే ముగియుననియు పంచాంగము చూచువారెల్లరు నెఱుగుదురు. ఏల యిట్లు? మా తండ్రిగారి యొద్ద పురాణములు చదువుకొన్ననాటి నుండియు మాకీ సందేహము కలదు. 2025 మార్చిలో మావారి చిన్న దుర్భిణి దానిని తీర్చినది.

పున్నమికి రెండు దినములు ముందు, ప్రొద్దు పూర్తిగా క్రుంకిన పిదప, వెలుతురు చెదరకమునుపే మేడమీద చూచితిమి. చీకటిపడిన తరువాత శుక్రుని కాంతి కన్నులకు మిఱుమిట్లు గొలుపును, సంజవేళయే మేలు. పడమట కనబడినది గుండ్రని చుక్క కాదు, వంచిన వెండితీగవంటి విదియచంద్రుడు! "అమ్మా, ఇది చంద్రుడే" అని మా అమ్మాయి వాదించినది. వెనుదిరిగి చూడుమంటిమి. తూర్పున చంద్రుడు దాదాపు నిండుగా నుండెను. నలుబది రెట్లు పెంచి చూపు ఆ గొట్టములో శుక్రరేఖ వట్టికంటికి కనబడు చంద్రునికంటె నొకింత పెద్దదిగనే తోచినది.

ఇందొక చిత్రము కలదు. చంద్రుడు నిండినను సన్నగిలినను ఇంచుమించు నొకే పరిమాణమున నుండును. శుక్రుడట్లు గాదు. నిండుగా నున్నపుడు సూర్యునికావల సుమారు 26 కోట్ల కిలోమీటర్ల దూరమున చిన్న బింబమై యుండును. సన్నగిలినపుడు మనకు సూర్యునకు నడుమ, సుమారు 4 కోట్ల కిలోమీటర్ల చేరువకు వచ్చి, చీకటిమొగము మనవైపు త్రిప్పి పెద్దదగును. 1610లో ఇటలీలో గెలీలియో ఈ వృద్ధిక్షయములను గనియే శుక్రుడు సూర్యుని చుట్టు తిరుగుచున్నాడని నిశ్చయించెను. సూర్యునికావల నున్నపుడు శుక్రుడును సూర్యుడును ఆకాశమున నొకే దిక్కునకు సాగుదురు గనుక విడివడుటకు నెలలు పట్టును. ఈవల నున్నపుడు ఎదురెదురుగా నడచి త్వరలో తప్పుకొందురు. పొట్టిమూఢమి రహస్యమిదే.

ఇక మా కలహము. మార్చి 23న శుక్రుడు మనకు సూర్యునకు నడుమ చేరునని విని, అంతకంటె సన్నని రేఖను చూడవలెనని తండ్రికూతుండ్రకు ఉబలాటము పుట్టినది. నాలుగు దినములు ముందొక సాయంకాలము సూర్యుడింకను పైనుండగనే గొట్టమును పడమటికి త్రిప్పిరి. పిల్ల కన్ను ఆనింపబోవుచుండగా మేము పరుగున పోయి అద్దమునకు పైటచెఱగు అడ్డుపెట్టితిమి. దుర్భిణిలో సూర్యబింబము క్షణమాత్రము కంటబడినను చూపు పోవచ్చును, నొప్పియైనను తెలియదు. వామనుని దర్భపోటున ఒక కన్ను పోగొట్టుకొన్న శుక్రాచార్యుని చూడబోయి మన పిల్లలు కన్ను పోగొట్టుకొనవలెనా? "జాగ్రత్తగనే త్రిప్పితిని" అని మావారు నొచ్చుకొనిరి. పిల్ల ఆ రాత్రి అన్నము తినలేదు. ఆ సన్నని రేఖ మాకు దక్కలేదు. ఇప్పటికిని మాకు పశ్చాత్తాపము లేదు.

ఈ యోగము సుమారు 584 దినములకొకమాఱు వచ్చును. 2025 మార్చి తరువాతిది 2026 అక్టోబరు 24. అంతకు రెండు మూడు వారములు ముందుగా, ప్రొద్దుక్రుంకిన పిదప, కదలకుండ గోడకానించి పట్టుకొన్న జంటగొట్టముల దుర్భిణితోనైనను చూడవచ్చును. యోగము దాటిన పిదప రేఖ తెల్లవారుజామున తూర్పున కనబడును. అపుడు మాత్రము సూర్యోదయమునకు ముందే గొట్టమునకు మూతపెట్టి లోపలికి తెచ్చుకొనుడు.