పేరులేని వానికి కచేరీ చావడి

లండను మహానగరపు తూర్పు భాగమున కేబుల్ వీధి యను వీధి యొకటి కలదు. 1936 అక్టోబరు 4వ తేదీన, ఫాసిస్టు నాయకుడైన మోస్లీ నల్లచొక్కాల దండునకు దారి చేయవచ్చిన పోలీసులను, ఆ పేటలోని యూదులును, ఐరిష్ కూలీలును, ఆడువారును అడ్డుకట్టలు కట్టి నిలువరించిన వీధి యది. అట్టి వీధిలోని 12వ నంబరు ఇరుకు మేడను తూర్పు లండను స్త్రీల చరిత్రకు నిలయముగా తీర్చెదమని పురపాలకులకు అర్జీ పెట్టి, అనుమతి పొంది, తీరా 2015లో ముసుగు తొలగించి చూపగా, లోపల వెలసినది స్త్రీల చరిత్ర కాదు. 1888లో వైట్‌చాపెల్ ప్రాంతమున ఐదుగురు స్త్రీలను కోసి చంపి నేటివరకును చిక్కని ‘జాక్ ది రిప్పర్’ పేరిట కట్టిన ప్రదర్శనశాల వెలసినది. పేటవారు వీధికెక్కి నిరసించిరి. నిర్వాహకులు మాత్రము, హతులైన స్త్రీల పక్షముననే కథ చెప్పుచున్నామని సమాధానమిచ్చిరి.

ఆ సమాధానమెంతవరకు నిలుచునో చూతమని నేనును టిక్కెట్టు కొని మెట్లెక్కితిని. ఒక అంతస్తున, హత్య జరిగిన మైటర్ స్క్వేర్ అను కూడలి నమూనా. అచ్చట బొమ్మ కానిస్టేబులు, నేలపై బొమ్మ శవము. వేరొకచోట పోలీసు ఠాణా, పైన హతురాలి పడకగది, నేలమాళిగలో శవాగారము. వీని నడుమ హంతకుని కచేరీ చావడి! వాని పేరు తెలియదు, ఊరు తెలియదు. వైద్యుడో, కసాయివాడో, ఓడ సరంగో నూటముప్పదియేండ్లు దాటినను ఎవ్వరును తేల్చలేదు. అయినను వానికి కుర్చీలమరినవి, బల్ల అమరినది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు, లేని మనిషికి ఇల్లు కట్టి, ఉండిన మనుషులకు శవాగారమును విడిచిపెట్టిరి.

ఆ సోమలింగమునకు పేరు పెట్టినవారెవరన్న, మా వృత్తివారే యని చెప్పుటకు సిగ్గగుచున్నది. 1888 సెప్టెంబరు 25వ తేదీ వేసి, ఎఱ్ఱసిరాతో వ్రాసిన యొక జాబు సెంట్రల్ న్యూస్ అను వార్తాసంస్థకు చేరినది. ‘జాక్ ది రిప్పర్’ అను సంతకము తొలుత కనబడినది దానిలోనే. అది ఎవడో పత్రికారచయిత చేతిపని యని పోలీసు పెద్దలే అనంతరకాలమున అభిప్రాయపడిరి. ఎంత మొత్తుకొన్నను ఎవ్వరును చెవినిడని పేదల గోడు, నాలుగు శవములు పడగానే దొరలకు వినవచ్చినదని, ఆ నెలలోనే బెర్నార్డ్ షా ‘స్టార్’ పత్రికకు లేఖ వ్రాసి ఎత్తిపొడిచెను.

హంతకుని గూర్చి ఏమియు తెలియకపోగా, చిత్రమేమన, హతుల గూర్చి విచారణ కాగితములలో ఎంతయో తెలియుచున్నది. మేరీ ఆన్ నికల్స్ అను నామెకు ఆ రాత్రి పడకకు కావలసినది నాలుగు పెన్నీలు. అవి లేక వసతిగృహమువారు వెడలగొట్టిరి. ఆనీ చాప్‌మన్ జబ్బుతో నుండియు, వసతిగృహపు వంటింట కాల్చిన బంగాళాదుంప తిని, పడకను వేరొకరికీయవలదు, డబ్బుతో ఇప్పుడే వత్తునని చెప్పి వెలికి పోయెను. మేరీ కెల్లీ శవమును కనుగొన్నవాడు అద్దె బకాయి వసూలునకై వచ్చిన మనిషి; బకాయి ఇరువదితొమ్మిది షిల్లింగులు. కత్తి చివర వచ్చినది; అంతకుముందే వారిని వెంటాడినది అద్దె.

వీనిలో నన్ను నిలిపివేసినది హతులలో మరియొకతె యైన కేథరిన్ ఎడోజ్ ఒంటిపై దొరికిన వస్తువుల జాబితా. తేయాకు నొక రేకు డబ్బాలో, చక్కెర వేరొక డబ్బాలో, ఆరు సబ్బు ముక్కలు, ఎఱ్ఱ ఫ్లానెల్ గుడ్డకు గ్రుచ్చిన గుండుసూదులు, కుట్టుసూదులు, ఒంటి ఎఱ్ఱ చేతితొడుగు, తెల్లగుడ్డ పేలికలు పన్నెండు, ఖాళీ అగ్గిపెట్టె. దాపుననే ఒక ఆవాల పొడి డబ్బా, అందులో తాకట్టు చీట్లు. ఒకటి ఆమెతో కాపురముండిన మనిషి బూట్లు కుదువబెట్టి తెచ్చినది. ఇల్లు లేనందున ఇల్లంతయు ఒంటిపైనే మోసికొని తిరిగిన గృహిణి ఆమె. ఈ జాబితాలోని వస్తువులను ఒక బల్లపై వరుసగా పేర్చియుంచిన, బొమ్మ కానిస్టేబులును బొమ్మ శవమును అక్కరలేకపోయెడివి.

ఆ ఖాళీ అగ్గిపెట్టె వేరొక కథను తలపునకు తెచ్చుచున్నది. ఈ హత్యలకు కొలది వారములకు ముందే, ఆ జూలైలోనే, తూర్పు లండనులోని బో పేటలో బ్రయంట్ అండ్ మే వారి అగ్గిపుల్లల కర్మాగారమున పదునాలుగు వందలమందివరకు స్త్రీలును బాలికలును పని మానిరి. చాలీచాలని కూలి, అందులోనుండి జరిమానాలు, తెల్ల భాస్వరముచే దవడ యెముక కుళ్ళు రోగము. ఇవి వారి బాధలు. వానిని పత్రికకెక్కించినది అనీ బిసెంట్. పిదప 1915లో మదనపల్లెలో కళాశాల నెలకొల్పి మన రాయలసీమ బిడ్డలకు చదువు చెప్పించిన యా బిసెంటమ్మయే! కార్మికురాండ్రు గెలిచిరి, జరిమానాలు పోయినవి, సంఘము కట్టుకొనిరి. అర్జీలో వాగ్దానము చేసిన స్త్రీచరిత్రకు ఇంతకన్న మంచి గది ఏది? దీనికి హంతకుడు అక్కరలేదు గదా, అందుచే టిక్కెట్లు తెగవని కాబోలు భయము.

2019లో హాలీ రూబెన్‌హోల్డ్ అను చరిత్రకారిణి ‘ది ఫైవ్’ అను గ్రంథమున ఆ ఐదుగురి జీవితములను పుట్టుకనుండి చెప్పి, వారిలో ముగ్గురు వేశ్యలనుటకు సాక్ష్యమే లేదని వాదించెను. రిప్పరు పరిశోధకులమని చెప్పుకొనువారు కొందరు ఆమెపై కత్తిగట్టిరి. విక్టోరియా రాణి మనుమడే హంతకుడన్నప్పుడును, రాజవైద్యుడన్నప్పుడును, సికర్ట్ అను చిత్రకారుడన్నప్పుడును, తుదకు పిల్లల కథలు వ్రాసికొన్న లూయిస్ కారల్ అన్నప్పుడును ఓపికతో విని గ్రంథములు కొని చదివిన లోకమే, చచ్చినవారికి కూడ ఒక బ్రదుకుండెనన్న మాటకు మాత్రము సాక్ష్యమేదని గద్దించినది.