పెంపుడు కుక్కకు ఇంటి వైద్యం తగదు

“అయ్యా, మా కుక్కపిల్లకు పొట్ట ఉబ్బింది. మలంలో పురుగులు కనబడుతున్నాయి. వాయువిడంగాల చూర్ణం ఎంత మోతాదులో ఇవ్వవచ్చు?” అని నన్ను అడిగే గృహస్థులు ఈ మధ్య ఎక్కువయ్యారు. మనుషులకు వచ్చే క్రిమిరోగంలో వాయువిడంగాలను శ్రేష్ఠమైన ఔషధంగా మన శాస్త్రం చెప్పింది. నేనూ దశాబ్దాలుగా వాడుతున్నాను. కనుక నా నుండి మోతాదు తెలుస్తుందని వారు ఆశించడం సహజమే. కాని నేను చెప్పే సమాధానం ఒక్కటే: “చూర్ణం వద్దు. పిల్లను పశువైద్యశాలకు తీసుకువెళ్లండి.” ఆయుర్వేద వైద్యుడు ఈ మాట అనడమేమిటని కొందరు నొచ్చుకుంటారు. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

ఈ సమాధానాన్ని నేను నా పొరపాటు వల్లనే నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం మా మనుమడు ఒక కుక్కను తెచ్చి పెంచుకున్నాడు. వేసవిలో దాని చెవి మడతలలోను, కాలివేళ్ల సందులలోను పిడుదులు పట్టాయి. వేపాకు కషాయంతో స్నానం చేయించి, వేపనూనెలో కర్పూరం కలిపి ఒళ్లంతా రాయించాను. పిడుదులు తగ్గినట్లే కనిపించాయి. ఇంటిల్లిపాదీ నన్ను మెచ్చుకున్నారు. రెండు వారాల తరువాత కుక్క అన్నం ముట్టడం మానింది. ఒళ్లు కాలిపోతున్నది. అజీర్ణ జ్వరమని తలచి లంఘనం చేయించాను. మూడవనాడు ముక్కు నుండి రక్తం కారింది. చిగుళ్లు సున్నంలా తెల్లబడ్డాయి.

అప్పుడు గాని పశువైద్యుని దగ్గరకు పోలేదు. ఆయన నా కుమారుని వయసువాడు. రక్తం పరీక్షించి, అది పిడుదుల ద్వారా సంక్రమించే ఎర్లీకియా అనే వ్యాధి అని తేల్చాడు. “అయ్యగారూ, పిడుదు కుట్టి రక్తం పీల్చేటప్పుడే ఈ సూక్ష్మజీవి లోపలికి చేరిపోయింది. పైన ఎంత నూనె రాసినా దానికి తగలదు. మూడు రోజుల ముందే తేవలసింది” అన్నాడు. డాక్సీసైక్లిన్ అనే మందును ఇరవై ఎనిమిది రోజులు విడవకుండా వేయించాడు. కుక్క బతికింది. కర్పూరం కుక్క నాకితే దానికే విషమవుతుందని కూడా ఆనాడే తెలుసుకున్నాను. ఆ మూడు రోజులు నా అహంకారానికి అది చెల్లించిన మూల్యమని నేటికీ అనుకుంటాను.

తరువాత ఆ యువకుని దగ్గర కూర్చుని, ఆయన వైద్యం చేసే తీరు గమనించాను. ఆశ్చర్యమేమంటే, గురుకులంలో నేను చదువుకున్న పద్ధతికి అది దూరమైనది కాదు. చరక సంహిత విమానస్థానంలో క్రిమిరోగానికి మూడు ఉపాయాలు చెప్పారు: అపకర్షణం, అనగా క్రిమిని బయటికి తీసివేయడం, ప్రకృతి విఘాతం, అనగా అది బతికే పరిస్థితిని చెరచడం, నిదాన పరివర్జనం, అనగా అది పుట్టే కారణాన్ని దూరం చేయడం. నేటి పశువైద్యుడు చేసేదీ ఈ మూడే.

మొదటిది అపకర్షణం. ఏలికపాములు కుక్కపిల్లకు పుట్టుకకు ముందే, తల్లి గర్భంలోనే సంక్రమిస్తాయి; తల్లిపాల ద్వారా కూడా వస్తాయి. కొంకి పురుగులు పాల ద్వారా చేరి, పేగును పట్టుకుని రక్తం పీలుస్తాయి. చిన్నపిల్ల వాటివల్ల పాండురోగంతో చనిపోవచ్చు. అందుచేతనే రెండు వారాల వయసులోనే నట్టల మందు మొదలుపెట్టి, ఎనిమిది వారాలు నిండేవరకు రెండు వారాలకొకసారి, ఆరు నెలల వయసు వరకు నెలకొకసారి ఇస్తారు. తల్లికి కూడా అదే సమయంలో వేస్తారు. పెద్ద కుక్కలకు సాధారణంగా మూడు నెలలకొకసారి ఇవ్వడమో, మలపరీక్ష చేసి నిర్ణయించడమో జరుగుతుంది. ఏలికపాములకు, కొంకి పురుగులకు పైరాంటెల్, ఫెన్‌బెండజోల్ వంటివి. బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్. ఏ పురుగో తెలియకుండా మందు వేస్తే ఫలితం ఉండదు.

రెండవది ప్రకృతి విఘాతం. మెడ వెనుక చర్మంపై వేసే చుక్కల మందులు, నోటి ద్వారా ఇచ్చే బిళ్లలు ఇందుకు ఉపయోగపడతాయి. బిళ్లలలోని మందు రక్తంలో ఉండి, కుట్టిన పిడుదును చంపుతుంది. కొన్ని నెలరోజులు, కొన్ని పన్నెండు వారాలు పనిచేస్తాయి. ఇవి దోషరహితాలని నేను అనను. ఈ తరగతి బిళ్లల వల్ల కొన్ని కుక్కలకు మూర్ఛలు రావచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. మీ కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

మూడవది నిదాన పరివర్జనం. ఇది లేకుంటే మొదటి రెండూ వృథా. బద్దె పురుగు ముక్కలు కుక్క తోక కింద బియ్యపు గింజల వలె కనిపిస్తాయి. మందు వేస్తే పురుగు చస్తుంది. కాని కుక్క రోమాలలో గెంతుతూ తిరిగే ఫ్లీ అనే చిన్న పురుగు కడుపులో దాని పిల్లదశ ఉంటుంది. ఒళ్లు కొరుక్కుంటూ కుక్క ఆ ఫ్లీని మింగితే రోగం మళ్లీ మొదటికి వస్తుంది. పిడుదు సంగతీ అంతే. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్కను వదిలి, గోడ పగుళ్లలోకి పోయి వేల గుడ్లు పెడుతుంది. కుక్కకు మాత్రమే మందు వేసి గోడను వదిలివేస్తే లాభం లేదు.

“ఈ రసాయనాలు విషాలు కదా, మన వెల్లుల్లి మేలు కాదా?” అని అడిగేవారున్నారు. మనకు మేలు చేసే వెల్లుల్లి, ఉల్లి కుక్క రక్తంలోని ఎర్ర కణాలను చిట్లగొడతాయి. ఒక జీవికి అమృతమైనది వేరొక జీవికి విషం కావచ్చు. ఈ ఎరుక మన పూర్వులకు ఉన్నది గనుకనే గుర్రాలకు శాలిహోత్రుని పేరిట, ఏనుగులకు పాలకాప్యుని పేరిట వేరు శాస్త్రాలు వెలిశాయి. ఐవర్‌మెక్టిన్ అనే ప్రసిద్ధ క్రిమిహరం కూడా జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుండి పుట్టినదే. దాని పరిశోధకులు కాంబెల్, ఓమురాలకు 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. అయినా పశువులకని అమ్మే ఐవర్‌మెక్టిన్ సూదిమందును దుకాణంలో కొని కుక్కకు వేస్తే, కోలీ వంటి జాతులలో అది మెదడుకెక్కి ప్రాణం తీయగలదు. మందు చెట్టు నుండి వచ్చిందా, కర్మాగారం నుండి వచ్చిందా అన్నదానికన్నా, ఎవరికి ఎంత ఇస్తున్నామో తెలిసి ఇస్తున్నామా అన్నదే ముఖ్యం.

ఇందులో మన పిల్లల క్షేమం కూడా ఇమిడి ఉన్నది. కుక్క ఏలికపాము గుడ్లు మట్టిలో పక్వమై, ఆడుకునే పిల్లల చేతుల ద్వారా నోటిలోకి పోతాయి. అవి కాలేయంలోను, ఊపిరితిత్తులలోను తిరుగుతాయి. కంటికి చేరితే చూపు పోవచ్చు. కొంకి పురుగు పిల్లదశ ఉత్తకాళ్లతో నడిచేవారి చర్మంలో దూరి, వంకర టింకర దురద గీతలు కలిగిస్తుంది. అయితే ఏలికపాము గుడ్డు పక్వం కావడానికి రెండు వారాలో, అంతకు మించో పడుతుంది. కనుక కుక్క మలాన్ని ఏ రోజుకారోజు తీసివేసే ఇంట్లో ఈ ప్రమాదం చాలావరకు తొలగుతుంది.

గృహస్థులు చేయవలసిన వైద్యం ఇదే. పెరట్లో మలాన్ని నిలువ ఉంచకండి. గోడ పగుళ్లు పూడ్చండి. కుక్క పడుకునే గుడ్డను వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయండి. వారానికొకసారి చెవులు, వేళ్ల సందులు, తోక కింద పరిశీలించండి. పిడుదు కనిపిస్తే చర్మానికి ఆనించి చిన్న చిమటాతో పట్టి నిదానంగా లాగండి, వేళ్లతో నలపకండి. పిల్లలు అన్నానికి ముందు చేతులు కడుక్కునేలా చూడండి. కుక్క అన్నం మానినా, చిగుళ్లు తెల్లబడినా, జ్వరం వచ్చినా ఒక్కరోజు కూడా జాగు చేయకండి.

మందు మాత్రం పశువైద్యునికి విడిచిపెట్టండి. ఆ మూగజీవి తన బాధ చెప్పుకోలేదు. మనం ఏది నోట్లో పెడితే అది నమ్మి మింగుతుంది. ఆ నమ్మకానికి తగినట్లు నడుచుకోవడం దాన్ని ఇంటికి తెచ్చుకున్న మన బాధ్యత.