ఐదుగురు డాక్టర్లూ ఒక్కసారి మాట్లాడుకుంటే

పెద్దవాళ్ళున్న ఇంట్లో ఒక కవరు ఉంటుంది, చూశారా? బట్టల షాపువాళ్ళిచ్చిన దళసరి కవరు. అందులో ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు, నాలుగు రకాల ఫైళ్ళు, సగం వాడిన మాత్రల అట్టలు. ఏ ఆసుపత్రి బెంచీ మీద చూసినా ఏ కోడలి ఒళ్ళోనో, ఏ కూతురి ఒళ్ళోనో ఆ కవరు కనిపిస్తుంది. డాక్టర్ల మధ్య రాయబారమంతా దానిదే.

మా అత్తయ్యగారికి 78 ఏళ్ళు. ఆవిడకి ఐదుగురు డాక్టర్లు. షుగరుకొకరు, గుండెకొకరు, మోకాళ్ళకొకరు, నరాలకొకరు, కళ్ళకొకరు. మా రాజమండ్రిలో డాక్టర్లకి కరువేం లేదు, దానవాయిపేట వైపు వెళ్తే అడుగుకో బోర్డు. ఐదుగురూ మంచివాళ్ళే, వాళ్ళ చదువు గురించి నాకు ఏ అనుమానమూ లేదు. నా ఫిర్యాదల్లా ఒకటే. ఒకే మనిషికి వైద్యం చేస్తున్న ఈ ఐదుగురూ ఇన్నేళ్ళలో ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకోలేదు.

దాని ఫలితం ఏమిటో చెప్తాను. మోకాళ్ళకి నొప్పి మాత్రలు రోజూ వేసుకోమన్నారు. నెలల తరబడి వాడేసరికి బీపీ పెరిగింది. షుగరు డాక్టరుగారు చూసి అమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర కలిపారు. కొన్నాళ్ళకి పాదాలు వాచాయి. వాపు చూసి గుండె డాక్టరుగారు నీరు పోవడానికి ఇంకో మాత్ర రాశారు. దాంతో రాత్రి నాలుగైదు సార్లు బాత్రూముకి లేవడం, నిద్ర పాడైపోవడం. నిద్ర లేదంటే నరాల డాక్టరుగారు నిద్రమాత్ర ఇచ్చారు. ఆ మత్తులో ఒక రాత్రి లేచి బాత్రూము గడప దగ్గర పడిపోయారు. ఎముక విరగలేదు, అదే పదివేలు. ఒంట్లో సోడియం తగ్గిపోయిందని మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. (కళ్ళ డాక్టరుగారికి ఇందులో పాత్ర లేదు పాపం.)

అక్కడ రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మాత్రలన్నీ మంచం మీద పోయించి, ఒక్కొక్కటీ పట్టుకుని ఎవరు రాశారు, ఎప్పుడు, ఎందుకని అడిగాడు. పదకొండు రకాలు లెక్క తేలాయి. పాన్-40 అని ఒకరు, పాంటోసిడ్ అని ఇంకొకరు రాసినవి రెండూ ఒకటే మందట! చివర్లో అతను, "కాళ్ళ వాపు జబ్బు కాకపోవచ్చండీ, బీపీ మాత్ర వల్ల వచ్చేదే. ఆ బీపీ కూడా నొప్పి మాత్ర వల్ల పెరిగి ఉండచ్చు" అన్నాడు. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని దానికి ఇంకో మందు రాయడాన్ని వైద్యంలో ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్ అంటారట. పేరు పెట్టారంటే ఎంత మామూలు విషయమో చూడండి. అతనికి ఇదంతా తేల్చడానికి పట్టింది పావుగంట.

మరి ఆ పావుగంట మిగతావాళ్ళు ఎందుకు పెట్టరు? నిర్లక్ష్యమని తిట్టుకోవడం తేలిక. బయట అరవై మంది కూర్చుని ఉంటే ఒక్కొక్కరికి ఐదు నిమిషాలే దక్కుతాయి. ఇంకో డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడినందుకు ఎవరూ ఫీజు ఇవ్వరు. అన్నిటికంటే పెద్ద అడ్డు మర్యాద. "ఆయన రాసింది నేనెలా ఆపుతానమ్మా" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో. కలపడానికి అందరికీ హక్కు ఉంది, తీసెయ్యడానికి ఎవరికీ లేదు. వంటింట్లో నలుగురు వచ్చి పోతూ తలా చిటికెడు ఉప్పు వేస్తే పులుసు ఏమవుతుందో మనకి తెలుసు కదా!

మనవైపు లోపాలూ ఉన్నాయి. ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టు ఇంకొకరికి చెప్తే ఏమనుకుంటారోనని దాచేవాళ్ళు ఉన్నారు. పసరు మందు సంగతి అసలే చెప్పరు. కానీ, అడిగితే చెప్తారు. అడగడానికి ఒకరు ఉండాలి.

మా ఆడపడుచు కూతురు ఇంగ్లండులో నర్సు. తను చెప్తే టోర్‌బే అనే ఊరి గురించి చదివాను. సముద్రం ఒడ్డున, వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువగా ఉండే చోటు. అక్కడ ఆసుపత్రులవాళ్ళు, ఇంటికొచ్చి చూసేవాళ్ళు ఎవరికి వారే ఉండేవారు. వాళ్ళని ఒక చోటికి తేవడానికి మిసెస్ స్మిత్ అని ఒక ముసలావిడని ఊహించుకున్నారు. ఏ మార్పు చేసినా దీనివల్ల ఆవిడకి ఏం ఒరుగుతుందనేదే ప్రశ్న. 2005లో వైద్యం, ఇంటి సంరక్షణ రెంటినీ ఒకే సంస్థ కిందికి తెచ్చారు. నాకు బాగా నచ్చింది ఏమిటంటే, అన్నీ కలిపి చూసుకునే కోఆర్డినేటర్లని పెట్టారు. వాళ్ళు డాక్టర్లు కానక్కర్లేదు. ఫోన్ ఎత్తి ఎవరితో ఏం మాట్లాడాలో తెలిసినవాళ్ళయితే చాలు. ఇక్కడ ఆ పని జీతం లేకుండా మనం చేస్తున్నాం. తేడా అల్లా, వాళ్ళు ఫోన్ చేస్తే డాక్టరు ఎత్తుతాడు.

మన దగ్గర ఏమీ లేదని అనను. మద్రాసు మెడికల్ కాలేజీలో 1996లోనే వృద్ధుల వైద్యానికి ఎం.డి. కోర్సు మొదలైంది, డాక్టర్ వి.ఎస్. నటరాజన్ గారి చలవ. ఇప్పుడు ఆభా నంబరు వచ్చింది, 14 అంకెలు, అందులో రిపోర్టులన్నీ ఒక చోట చేరతాయి. మంచిదే. కాగితాలు ఒక చోట చేరినంత మాత్రాన ఎవరో ఒకరు కూర్చుని చదువుతారని లేదుగా. 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్ళు దాటినవాళ్ళందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం అంటున్నారు. అది పడిపోయి ఆసుపత్రిలో చేరితే పనికొస్తుంది. పడిపోకుండా ఆపే ఆ పావుగంటకి పైసా రాదు.

నేను కోరేది పెద్ద ఆసుపత్రి కాదు. ప్రతి పెద్దమనిషికీ ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక్క డాక్టరు, మామూలు ఎం.బి.బి.ఎస్. అయినా సరే, పూర్తి బాధ్యత తీసుకోవాలి. స్పెషలిస్టులు ఏం మార్చినా ఆయనకి రెండు లైన్లు రాయాలి. ఆరు నెలలకోసారి మాత్రలన్నీ ముందు పోసుకుని ఏది ఆపచ్చో చూడాలి. దానికి విడిగా ఫీజు పెట్టండి, సంతోషంగా ఇస్తాం. నెలకి మందులకి పోసేదాంట్లో అదెంత?

పడిపోయిన తర్వాత మా వీధి చివరి ఫిజీషియన్ గారిని ఇదే అడిగాను. కాసేపు మొహమాటపడి, "మిగతావాళ్ళు ఏమైనా అనుకుంటారేమోనమ్మా" అంటూనే ఒప్పుకున్నారు. మందుల లిస్టు రాసి, తన ప్రశ్నలు కింద పెట్టి నలుగురికీ ఉత్తరాలిచ్చారు. గుండె డాక్టరుగారు ఆ ఉత్తరం చదివి నా ముందే ఆయనకి ఫోన్ చేశారు. మూడు నిమిషాలు మాట్లాడుకున్నారు. నీటి మాత్ర ఆగింది, బీపీ మాత్ర మారింది. నిద్రమాత్రని కొద్దికొద్దిగా తగ్గిస్తూ మానిపించారు. (ఇలాంటివి మీ అంతట మీరు మాత్రం ఆపకండి.) ఇప్పుడు పదకొండు ఏడయ్యాయి. అత్తయ్యగారు సాయంత్రం మళ్ళీ వీధి అరుగు మీద కూర్చుంటున్నారు.

మోకాళ్ళ డాక్టరుగారు మాత్రం ఉత్తరం మడిచి తిరిగి ఇచ్చేశారు, తర్వాత చూద్దామని. వచ్చే గురువారం మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాలి. ఉత్తరం జిరాక్సు తీసి పెట్టుకున్నాను.