మాట రాని దుఃఖానికి ఒక కాగితం



పోయిన నెల లాలాగూడలో మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో రెండు రోజులున్నాను. అన్నయ్య అక్కడి రైల్వే వర్క్‌షాపులో బోగీల పని చేసి రిటైరయ్యారు. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పట్టు తప్పింది. మరుసటి ఏడు వదిన చనిపోయింది. అప్పటినుంచి ఆయన మాట్లాడడమే మానేశారు. నేను వెళ్లినప్పుడల్లా పక్కన కూర్చుని ప్రార్థన చేసి, "అన్నయ్యా, విశ్వాసం పోగొట్టుకోవద్దు" అనేవాణ్ణి. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు.

ఈసారి బల్ల దగ్గర కూర్చుని కనిపించారు. ఉస్మానియాలో చదివే మనవరాలు డ్రాయింగ్ పుస్తకం, రంగు పెన్సిళ్లు తెచ్చి ముందు పెట్టిందట. ఫిజియోథెరపీ చేసే అబ్బాయి కూడా, పెన్సిలు పట్టుకుని గీత లాగడం వేళ్లకు మంచి వ్యాయామమేనన్నాడట. కాగితం మీద వంకర గీతలతో ఒక బోగీ ఉంది. కిటికీలో ఒక ఆడమనిషి. నేను అడగకుండానే అన్నయ్య, "మీ వదిన. ఊరికెళ్తోంది" అన్నారు. ఏడాదిలో ఆయన నోట నేను విన్న మొదటి మాట అది.

ఆ రాత్రి నాకు హన్నా గుర్తొచ్చింది. ఆమె పెదవులు కదిలాయి గాని స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమెను చూసి తాగి ఉన్నదనుకున్నాడు (1 సమూయేలు 1). ఇన్నాళ్లూ అన్నయ్య దగ్గర నేను ఏలీనే. ఆయన మౌనాన్ని అవిశ్వాసం అనుకున్నాను.

మన సంఘాల్లో అన్నీ నోటితోనే. పాట, సాక్ష్యం, ప్రార్థన. నోరు పెగలనివారికి మనం ఏ దారి చూపించాం?

ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండు చిత్రకారుడు 1938లో క్షయతో శానిటోరియంలో చేరాడు. మంచం మీదే బొమ్మలు గీసుకుంటూ ఊరట పొంది, తోటి రోగులకూ నేర్పాడు. 1942లో దానికి 'ఆర్ట్ థెరపీ' అని పేరు పెట్టింది ఆయనే. 2016లో అమెరికాలో గిరిజా కైమల్ బృందం 39 మందిని 45 నిమిషాలు బొమ్మలు వేయమంది. ముందూ వెనకా లాలాజలం పరీక్షిస్తే, దాదాపు ముప్పావు వంతు మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ తగ్గింది. బొమ్మలు వేసే అలవాటు ఉన్నవారికీ లేనివారికీ పెద్ద తేడా కనబడలేదు. చిన్న పరిశోధనే గాని, "నాకు గీయడం రాదు" అనేవారికి ధైర్యమిచ్చే మాట.

"పాస్టరుగారూ, ప్రార్థన ఉండగా ఈ బొమ్మలెందుకు?" అంటారేమో. నిర్గమకాండము 31లో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పింది బెసలేలు అనే పనివాణ్ణి గురించి. చేతిపని ఆయన దృష్టిలో తక్కువది కాదు.

అలాగని రంగులు మందులకు బదులు కావు. అన్నయ్య మాత్రలు ఆపలేదు, ఆయన చెయ్యి పూర్తిగా రానూ లేదు. దిగులు ముదిరితే, చనిపోవాలనే ఆలోచన వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆర్ట్ థెరపీ శిక్షణ పొందినవారు చేసే చికిత్స. మనం చేయగలిగింది తోడుండడం.

అందుకే వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మందిరంలో ఒక బల్ల వేసి కాగితాలు, రంగులు పెడుతున్నాం. బొంత కుట్టుకుంటామన్నా, బుట్ట అల్లుకుంటామన్నా రండి. ఎవరు ఏం గీసినా "ఇదేంటి?" అని అడగొద్దు, బాగుందో లేదో చెప్పొద్దు. పక్కన కూర్చోండి చాలు. చెప్పాలనిపించిన రోజు వాళ్లే చెబుతారు.

మాట రాని ప్రార్థనను కూడా వినే దేవుడు మిమ్మల్ని ఆదరించును గాక. ఆమేన్.