మునిగిన వరి ఓర్పు

వరద వస్తే మనిషి మిద్దె ఎక్కుతాడు. పశువు గట్టు చేరుతుంది. నాటిన చోటు విడువలేని వరిమొక్క ఏమి చేస్తుంది? ఈ నెల ఆ సంగతి పాఠకులకు మనవి చేయదలచాము.

మొక్కకు మెదడు లేదు, నరాలు లేవు. ఐనా దాని జీవకణాలు చుట్టూ జరిగేది కనిపెట్టుతూనే వుంటాయి. వరిలో ఎథిలీన్ అనే వాయువు పుట్టి, మామూలు రోజులలో గాలిలో కలిసిపోతుంది. చేను మునిగినప్పుడు అది త్వరగా వెలికిపోలేక లోపలే పేరుకొంటుంది. మునిగామని కణాలకు అందే కబురు అదే.

కబురు అందగానే మామూలు వరి కణాలు సాగి, ఆకును నీటిపైకి ఎత్తజూస్తాయి. నీరు లోతై, ఆకు పైకి అందకపోతే, దాచుకున్న పిండిపదార్థమూ చక్కెరా ఆ ఎదుగుదలకే ఖర్చయిపోతాయి. వరద తీసేనాటికి మొక్క నీరసించి కూలిపోతుంది. ఆ యింటి ఏడాది గ్రాసం దానితోనే పోతుంది.

ఒడిశా నాటు వరినుంచి ఏరిన ఎఫ్.ఆర్. 13ఎ అనే రకం తీరు వేరు. కబురు అందినా అది ఎదగదు. ఉన్నది పొదుపు చేసుకొని, సుమారు రెండు వారాలు నీటి అడుగున ఓర్చుకొని, నీరు తీయగానే కొత్త ఆకు వేస్తుంది. ఓర్చినమ్మకు తేటనీరన్న సామెత యిక్కడ అక్షరాలా నిజము. ఇందుకు మూలమైన సబ్1ఎ అనే జన్యువును శాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించారు. ఎథిలీన్ పెరిగినప్పుడు అది మేల్కొని, ఎదుగుదలను పురికొల్పే జిబ్బరెల్లిన్ పని సాగనీయదు.

తెగులు సోకినప్పుడు కూడా కణాలది యిటువంటి లెక్కే. అగ్గితెగులు బూజును గుర్తుపట్టగల వరి రకాలలో, బూజు చొరబడిన చోటి కణాలు తామే చనిపోతాయి. బూజు అక్కడే ఆగిపోతుంది. ఆకుమీద చిన్న మచ్చ మాత్రం మిగులుతుంది. కొన్ని కణాలు పోయి మొక్క నిలుస్తుందన్నమాట.

ఎఫ్.ఆర్. 13ఎ ఓర్పు గొప్పదే గాని, దిగుబడి తక్కువ. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరులో పుట్టిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, బాగా పండుతుంది గాని ముంపుకు ఆగదు. ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు సంకరము ద్వారా ఆ ఓర్పును స్వర్ణలోకి తెచ్చారు. స్వర్ణ-సబ్1 పేరుతో ఆ వంగడము 2009లో మన దేశములో విడుదలయింది. వరద రెండు వారాలు దాటితే దానికీ కష్టమే. ఐనా ఒడిశా గింజ గుణమూ గోదావరి గింజ గుణమూ ఒకే కంకిలో కలియడము ఉభయ ప్రాంతాలతో బంధుత్వమున్న మనకు ముచ్చటే గదా!

దిగుబడి లేదని ఆ నాటు విత్తనాన్ని ఆనాడే అందరూ వదిలివేసివుంటే, ఈ గుణము ఎక్కడ వెదికేవారము? మీ స్వగ్రామములో పాత వరి రకాలు యింకా దాచుకొన్న పెద్దలుంటే, వాటి పేర్లూ గుణాలూ అడిగి వ్రాసివుంచండి. గుప్పెడు గింజలు దొరికితే దగ్గరలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రమువారికి చూపండి.